బిగ్ బెన్ కింద సిమెంటు పాలు

(నగరాల్లో సొరంగాలు తవ్వేటప్పుడు మెత్తని నేలను ఎలా సిద్ధం చేస్తారన్న అంశంపై సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, పట్టణవాసులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో విద్యార్థులు నోటు పుస్తకాలు తెరిచి పెట్టుకున్నారు. వెనక వరుసల్లో పెద్దలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. విద్యార్థులు సూత్రాల కోసం వచ్చారు. పెద్దలు ఒకే ఒక్క ప్రశ్నతో వచ్చారు, అదేమిటో నాకు తెలుసు. మా వీధి కింద సొరంగం తవ్వితే మా ఇల్లు కుంగుతుందా? జవాబు దాచుకోవడం ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తాను. కుంగుతుంది. మెత్తని నేలలో తవ్విన ప్రతి సొరంగం పైన ఎంతో కొంత కుంగుతుంది. ప్రపంచంలో ఏ ఇంజనీరైనా మీ ఇంటికొచ్చి ‘ఒక్క మిల్లీమీటరు కూడా దిగదండీ’ అన్నాడంటే, ఆయనకు పని తెలియదు, లేదా మీకు నిజం చెప్పడం లేదు. ఎంత కుంగుతుంది, ఎక్కడ కుంగుతుంది, ఎప్పుడు కుంగుతుంది? ఈ మూడూ మన చేతిలో ఉన్నాయా లేవా? ఈ రోజు మాట్లాడబోయేదంతా దాని గురించే.

ముందు అసలు ఎందుకు కుంగుతుందో చూద్దాం. మీరంతా చిన్నప్పుడు పిచ్చుక గూళ్లు కట్టినవాళ్లే కదా? తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక పోసి, తట్టి తట్టి, మెల్లగా పాదం వెనక్కి లాగుతాం. గూడు నిలుస్తుంది. తొందరపడి లాగితే కూలుతుంది. ఇసుక పొడిగా ఉంటే ఎంత మెల్లగా లాగినా కూలుతుంది. నీళ్లు ఎక్కువైనా కూలుతుంది. ఆ పాదమే టీబీఎం, అంటే సొరంగం తవ్వే యంత్రం. యంత్రం ముందుకు జరుగుతుంటే దాని వెనక కాంక్రీటు సెగ్మెంట్లతో, అంటే వంపు ముక్కలతో, వలయాలు బిగించుకుంటూ వస్తారు. ఆ వలయం యంత్రం కడుపులోనే తయారవుతుంది కాబట్టి, యంత్రం కంటే చిన్నదిగా ఉంటుంది. యంత్రం తోక దాటగానే వలయానికి, మట్టికి మధ్య జానెడు కంటే తక్కువ సందు మిగులుతుంది. ఆ సందులోకి వెంటనే గ్రౌటు, అంటే మన మేస్త్రీలు అనే సిమెంటు పాలు, ఒత్తిడితో ఎక్కిస్తారు. వెంటనే అన్నాను. ఆలస్యమైతే సిమెంటు కంటే ముందు మట్టే వచ్చి ఆ చోటు నింపేస్తుంది. ఆ వచ్చిన మట్టి ఎక్కడి నుంచి వచ్చింది? మీ ఇంటి కింద నుంచి.

యంత్రం ముఖం దగ్గరా ఇదే బాధ. ఎదురుగా ఉన్న మట్టి, నీరు లోపలికి తోసుకు రావాలని చూస్తాయి. యంత్రం దానికి తగిన ఎదురు ఒత్తిడి ఇవ్వాలి. తక్కువ ఇస్తే పైన కుంగుతుంది, ఎక్కువ ఇస్తే రోడ్డు పైకి ఉబుకుతుంది. ఆ ఒత్తిడిని గంట గంటకూ సరిచూసే మనిషి, తోక వెనక గ్రౌటు పంపు దగ్గర నిలబడే మనిషి, వీళ్లిద్దరూ సక్రమంగా పని చేస్తే మనం తర్వాత చెప్పుకోబోయే ఖరీదైన విద్యలు చాలా చోట్ల అక్కరే రావు. ఇది నా గట్టి అభిప్రాయం. నేలను బాగుచేయడం ఆ యంత్రం నడిపే పద్ధతితోనే మొదలవుతుంది.

ఇప్పుడు విద్యార్థుల కోసం ఒక చిన్న లెక్క. పెద్దలు కూడా వినండి, కష్టమేమీ కాదు. మెట్రో సొరంగం తవ్వకం వ్యాసం 6.6 మీటర్లు అనుకుందాం. అడ్డకోత వైశాల్యం సుమారు 34 చదరపు మీటర్లు. తవ్వాల్సిన దానికన్నా ఒక్క శాతం మట్టి ఎక్కువ లోపలికి వచ్చిందనుకోండి. మంచి యంత్రం, మంచి సిబ్బంది ఉంటే ఒక శాతం లోపే ఆగుతుంది. ఒక శాతం అంటే సొరంగం పొడవులో ప్రతి మీటరుకూ 340 లీటర్ల మట్టి లోటు. ఆ లోటు పైన నేల మీద గుంతలా కనిపిస్తుంది, కానీ బావిలా కనిపించదు. పళ్లెంలా విశాలంగా, అంచులు నున్నగా పరుచుకుంటుంది. రాల్ఫ్ పెక్ అనే అమెరికన్ మృత్తికా శాస్త్రవేత్త 1969లో మెక్సికో నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు ఇచ్చిన నివేదికలో ఈ గుంత ఆకారానికి గణాంక శాస్త్రంలోని గంట ఆకారపు వక్రరేఖ సరిపోతుందని చూపించారు. ఇప్పటికీ ప్రతి మెట్రో ఆఫీసులో మొదటి అంచనా దాంతోనే వేస్తారు.

సొరంగం మధ్యరేఖ 15 మీటర్ల లోతున ఉంది, నేల బంకమట్టి అనుకోండి. లెక్క వేస్తే సొరంగం నెత్తిన నేల సుమారు 18 మిల్లీమీటర్లు దిగుతుంది, గుంత రెండు వైపులా కలిపి 45 మీటర్ల దాకా వ్యాపిస్తుంది. అదే లోతు, అదే ఒక్క శాతం లోటు, నేల మాత్రం ఇసుక అనుకోండి. ఇప్పుడు దిగేది 30 మిల్లీమీటర్లు, గుంత వెడల్పు 27 మీటర్లే. చూశారా? పోయిన మట్టి ఒకటే. బంకమట్టి ఆ నష్టాన్ని నలుగురికీ పంచుతుంది. ఇసుక ఇద్దరి నెత్తిన పెడుతుంది.

అయితే 30 మిల్లీమీటర్లు దిగితే ఇల్లు కూలుతుందా? కూలదు. ఇల్లంతా ఒకే తీరుగా 30 మిల్లీమీటర్లు దిగితే గుమ్మం దగ్గర మెట్టు ఎత్తు కాస్త తగ్గుతుంది, నీళ్ల పైపు కలిపిన చోట ఇబ్బంది రావచ్చు, అంతే. గోడలకు ఏమీ కాదు. ఒక మూల దిగి, ఇంకో మూల దిగకపోతేనే ముప్పు. బ్రిటన్‌లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 1956లో ఎన్నో భవనాల కుంగుబాట్లు పరిశీలించి ఒక కొలత ఇచ్చారు. రెండు చోట్ల కుంగుబాటులో తేడాను ఆ రెంటి మధ్య దూరంతో భాగించండి. అది మూడు వందల్లో ఒక వంతు దాటితే గోడల్లో పగుళ్లు మొదలవుతాయి. నూట యాభైలో ఒక వంతు దగ్గర నిర్మాణానికే దెబ్బ. అయిదు వందల్లో ఒక వంతు లోపు ఉంచితే నిశ్చింత. మీ హాలు గోడ ఆరు మీటర్లు అనుకుంటే, ఆ చివరికీ ఈ చివరికీ 12 మిల్లీమీటర్ల తేడా దాకా గోడ ఓర్చుకుంటుంది. 20 మిల్లీమీటర్ల తేడా వస్తే పగులుతుంది.

మన లెక్కకు వద్దాం. బంకమట్టిలో ఆ గుంత అంచు వాలు అత్యధికంగా సుమారు 680లో ఒక వంతు. ఇసుకలో సుమారు 245లో ఒక వంతు! ఒకే యంత్రం, ఒకే జాగ్రత్త, ఒకే లోటు. ఒక వీధిలో ఇళ్లు పదిలంగా ఉంటాయి, పక్క వీధిలో గోడలు చీలతాయి. అందుకే మట్టి పరీక్ష చేయకుండా ఏ మాటా చెప్పకూడదు.

ఇంకొక్క సంగతి చెప్పి లెక్కలు ఆపేస్తాను, వెనక వరుసలో ఒకరిద్దరు గడియారం చూసుకుంటున్నారు. గుంత మధ్యలో ఉన్న ఇల్లు కిందికి వంగుతుంది. అప్పుడు పగుళ్లు అడుగు భాగంలో రావాలి, కానీ అక్కడ పునాదిని నేల పట్టుకుని ఉంటుంది కాబట్టి కొంత ఆగుతాయి. గుంత అంచు మీద ఉన్న ఇల్లు వీపు విరుచుకున్నట్టు వంగుతుంది. పైభాగం విచ్చుకుంటుంది. పైన పట్టుకునేవాళ్లు ఎవరున్నారు? కప్పు వైపు గోడ విడిపోతుంది. కాబట్టి సొరంగం సరిగ్గా మీ ఇంటి కింద నుంచి వెళ్లకుండా పది మీటర్లు పక్కనుంచి వెళ్తోందని సంతోషించకండి. ఒక్కోసారి పక్కనున్న ఇంటికే ఎక్కువ దెబ్బ.

మూడు దారులు

మరి ఇళ్లను ఎలా కాపాడతారు? దారులు మూడే. మట్టి కదలకుండా ముందే గట్టిపరచడం. సొరంగానికీ ఇంటికీ మధ్య గోడ కట్టడం. పోయిన మట్టిని పోయినట్టే తిరిగి నింపడం.

మొదటిదానిలో రకరకాల పద్ధతులున్నాయి. ఇసుకలో అయితే రేణువుల మధ్య ఖాళీల్లోకి సిమెంటు పాలు గానీ, సోడియం సిలికేటు ద్రావణం గానీ ఎక్కిస్తే ఇసుక మెత్తని రాయిలా బిగుస్తుంది. ఇది ఇసుకకే పనికొస్తుంది. సన్నని ఒండ్రులోకి సిమెంటు రేణువు దూరదు, చాలా మెత్తగా నూరిన సిమెంటు కూడా ఒక హద్దు దాటి పోదు. బంకమట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటి చోట జెట్ గ్రౌటింగ్ చేస్తారు. సన్నని ముక్కు నుంచి సుమారు 400 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 400 రెట్లతో, సిమెంటు పాలు చిమ్ముతూ, రాడ్డు తిప్పుతూ పైకి లాగుతారు. ఆ ధార మట్టిని కోసి, కలిపి, అక్కడే ఒక స్తంభంలా గడ్డ కట్టిస్తుంది. స్తంభం పక్కన స్తంభం వేసుకుంటూ పోతే మట్టిలోనే ఒక దిమ్మె తయారవుతుంది. బలమైన పద్ధతే, కానీ మొరటుది. ఆ ఒత్తిడి బయటకు పోయే దారి మూసుకుపోతే రోడ్డు ఉబుకుతుంది, పక్కింటి నేలమాళిగలోకి సిమెంటు పాలు పొంగుతాయి. రెండు స్తంభాల మధ్య చిన్న సందు మిగిలినా, నీరు దాన్నే వెతుక్కుంటుంది.

ఇంకొకటి, నేలను గడ్డ కట్టించడం. 1883లో జర్మనీలో పోయెట్ష్ అనే గని ఇంజనీరు పేటెంటు తీసుకున్న పద్ధతి. భూమిలోకి పైపులు దింపి, సున్నా కంటే బాగా తక్కువ ఉష్ణోగ్రత ఉన్న ఉప్పునీటిని తిప్పుతారు. తొందరైతే ద్రవ నత్రజని పోస్తారు, అది మైనస్ 196 డిగ్రీలు. మట్టిలోని నీరే మంచుగోడ అవుతుంది. ఇసుకా, ఒండ్రా, బంకమట్టా అన్న తేడా లేదు, నీరుంటే చాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉత్తర దక్షిణ మెట్రో కడుతుండగా 2008లో ఒక స్టేషను గోడ అతుకుల్లోంచి ఇసుక, నీరు లోపలికి వచ్చి, వైజెల్‌గ్రాఖ్త్ వీధిలో పాత నేతగాళ్ల ఇళ్లు కుంగాయి. ఆ తర్వాత మిగిలిన అతుకులను గడ్డ కట్టించి పని సాగించారు. ఆ మెట్రో 2018లో ప్రారంభమైంది. అయితే గడ్డ కట్టేటప్పుడు నేల ఉబుకుతుంది, కరిగేటప్పుడు దిగుతుంది. ఆ లెక్క కూడా చూసుకోవాలి.

రెండో దారికి బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి మంచి ఉదాహరణ. 2010లో హైస్పీడు రైలు సొరంగం దాని ముఖద్వారం పక్క నుంచి వెళ్లింది. ముందుగానే చర్చికీ సొరంగానికీ మధ్య లోతైన కాంక్రీటు పైల్స్, అంటే నేలలోకి దిగే స్తంభాలు, వరసగా దింపి గోడ కట్టారు. యంత్రం వెళ్లిపోయింది, చర్చికి ఏమీ కాలేదు. చోటుంటే ఇది హాయి అయిన పద్ధతి. మన పాత పేటల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి నడిచే సందు కూడా ఉండదు. పైల్స్ దింపే యంత్రం ఎక్కడ పెడతాం?

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దీని గురించి కొంచెం సేపు మాట్లాడతాను.

వెస్ట్‌మినిస్టర్‌లో ఏం జరిగింది

లండన్‌లో 1990ల్లో జూబిలీ మెట్రో లైను పొడిగించారు. పార్లమెంటుకు ఎదురుగా వెస్ట్‌మినిస్టర్ స్టేషను. అక్కడి వీధి ఇరుకు కాబట్టి రెండు సొరంగాలు పక్కపక్కన పట్టక, ఒకదాని మీద ఒకటి వేశారు. స్టేషను కోసం సుమారు 39 మీటర్ల లోతు గొయ్యి తవ్వారు. ఆ గొయ్యికి 34 మీటర్ల దూరంలో ఏముంది? బిగ్ బెన్ గడియార స్తంభం. నిజానికి బిగ్ బెన్ అనేది లోపలి గంట పేరు, స్తంభానికి 2012 నుంచి ఎలిజబెత్ టవర్ అని పేరు. మనం అలవాటు ప్రకారం బిగ్ బెన్ అనే అందాం.

96 మీటర్ల ఎత్తు. ఎనిమిది వేల టన్నులకు పైగా బరువు. దాని పునాది ఎంతో తెలుసా? సుమారు 15 మీటర్ల చదరం, 3 మీటర్ల మందం ఉన్న కాంక్రీటు దిమ్మె. దాని కింద కొంత గులకరాయి పొర, ఆ కింద లండన్ బంకమట్టి. పైల్స్ లేవు. 1859లో పూర్తయిన కట్టడం, అప్పటికే కొంచెం ఒరిగి ఉంది, సుమారు 250లో ఒక వంతు. ఈ ఒరిగిన స్తంభం పక్కన పదమూడు అంతస్తుల లోతు గొయ్యి తవ్వి, రెండు సొరంగాలు తొలవాలి. మీరైతే సంతకం పెడతారా?

లెక్కలు వేస్తే స్తంభం స్టేషను వైపు ఇంకా ఒరుగుతుందని, ఆ ఒరుగు ఒప్పుకోదగిన హద్దు దాటుతుందని తేలింది. ఇక్కడ ఇంజనీర్లు స్తంభాన్ని పట్టుకోవాలని చూడలేదు. పునాది కిందికి పైల్స్ తొయ్యలేదు. 8,000 టన్నుల పాత రాతి కట్టడం అడుగున చెయ్యి పెట్టడం కంటే అది నిలబడ్డ మట్టి సంగతి చూసుకోవడం మేలనుకున్నారు. పక్కన ఒక బావి లాంటి షాఫ్టు దింపి, అందులోంచి స్తంభం పునాదికి కొన్ని మీటర్ల కింద, బంకమట్టిలోకి, అడ్డంగా విసనకర్ర పుల్లల్లా పొడవాటి ఉక్కు గొట్టాలు దూర్చారు.

ఈ గొట్టం మామూలు గొట్టం కాదు. దాని పొడవునా కొద్ది దూరానికి ఒకటి చొప్పున రంధ్రాలు, ప్రతి రంధ్రాన్నీ కప్పుతూ రబ్బరు తొడుగు. 1930ల్లో ఇషీ అనే ఇంజనీరు కనిపెట్టిన ఏర్పాటు ఇది. లోపలి నుంచి సిమెంటు పాల ఒత్తిడి వస్తే రబ్బరు ఉబ్బి దారి ఇస్తుంది, ఒత్తిడి ఆగగానే మూసుకుంటుంది. మట్టి వెనక్కి రాదు. లోపల రెండు వైపులా బిరడాలున్న ప్యాకర్ అనే పరికరాన్ని కావలసిన రంధ్రం దగ్గర నిలిపి, అక్కడ ఒక్కచోటే, కొన్ని పదుల లీటర్లు ఎక్కించవచ్చు. తర్వాత గొట్టం కడిగేస్తే, రేపు అదే రంధ్రం నుంచి మళ్లీ ఎక్కించవచ్చు. ఎల్లుండి మళ్లీ. ఇదీ దీని గొప్ప. ఒకసారి చేసి వదిలేసే వైద్యం కాదు.

ముందు కొంత సిమెంటు పాలు ఎక్కించి చుట్టూ మట్టిని బిగుతు చేసుకున్నారు. ఎందుకు? వదులుగా ఉన్న మట్టిలో మొదటి గ్రౌటు ఖాళీలు నింపడానికే సరిపోతుంది, పైకి ఏ ప్రభావమూ కనిపించదు. బిగుతైన తర్వాత ఎక్కించిన ప్రతి లీటరూ వెంటనే పైన జవాబు చెబుతుంది. ఆ తర్వాత తవ్వకం మొదలైంది. సుమారు 1996 మొదలు నుంచి 1997 సెప్టెంబరు దాకా, స్తంభం స్టేషను వైపు కొద్దిగా ఒరిగినప్పుడల్లా ఆ వైపు పునాది కింద సిమెంటు పాలు ఎక్కించారు. ఇరవైకి పైగా విడతలు. మొత్తం ఎంత పట్టింది? సుమారు 120 ఘనపు మీటర్లు. ఇరవై మిక్సర్ లారీల సరుకు. ప్రపంచ ప్రసిద్ధమైన ఒక స్తంభాన్ని నిలబెట్టింది ఇరవై లారీల సిమెంటు పాలు!

కాదు, నేను తొందరపడి అన్నాను గానీ, అది నిలబెట్టలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని లీటర్లు ఎక్కించాలో చెప్పిన కొలత నిలబెట్టింది. విద్యార్థులు ఇక్కడ ఒక గీత గీసుకోండి. నేల మట్టం నుంచి 55 మీటర్ల ఎత్తున, గడియారం ఉన్న ఎత్తు దగ్గర, స్తంభం ఎంత పక్కకు జరిగిందో చూసే ఏర్పాటు పెట్టారు. అదనంగా జరిగేది సుమారు 15 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉండేలా చూశారు. పై హద్దు దగ్గరికి రాగానే గ్రౌటు, కింది హద్దుకు రాగానే ఆపు. ఎండకు రాయి వేడెక్కితే స్తంభం తనంతట తానే రోజూ కాస్త అటూ ఇటూ కదులుతుంది, చలికాలానికీ వేసవికీ తేడా వస్తుంది. ఆ సహజమైన ఊగిసలాట ఎంతో ముందే కొలిచి పెట్టుకోకపోతే ఎండ చేసిన కదలికను తవ్వకం నెత్తిన వేసి, అక్కర్లేని చోట సిమెంటు పాలు ఎక్కించేవాళ్లు.

సున్నాకు ఎందుకు తీసుకురాలేదు? అడగండి, మంచి ప్రశ్న. ఎత్తగలిగినంత ఎత్తేద్దాం అనుకుంటే స్తంభానికీ పక్కనున్న పార్లమెంటు భవనానికీ మధ్య అతుకు చీలవచ్చు. కట్టడం కొంచెం కదలడాన్ని ఓర్చుకుంటుంది, అటూ ఇటూ పదే పదే లాగడాన్ని ఓర్చుకోదు. కాబట్టి ఒప్పుకోదగిన ఒక పట్టీ గీసి, అందులో ఉంచారు.

ఇంకో సంగతి. 1997లో గ్రౌటింగు ఆపేశారు, 1999 చివర్లో స్టేషను తెరిచారు. స్తంభం మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్ల పాటు చాలా నెమ్మదిగా ఒరుగుతూ వచ్చి, ఆపైన నిలకడకు వచ్చింది. బంకమట్టి తవ్విన రోజునే తన మాట అంతా చెప్పదు. లోపలి నీటి ఒత్తిడి సర్దుకోవడానికి ఏళ్లు పడుతుంది. కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయాక కూడా కొలుస్తూ ఉండాలి. మన దగ్గర ఆ ఖర్చు టెండరులో ఎవరు రాస్తారు? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను.

ఈ పనికి సలహాదారుల్లో ముఖ్యుడు ఇంపీరియల్ కాలేజీ ప్రొఫెసర్ జాన్ బర్లాండ్. ఇటలీలో పీసా గోపురాన్ని నిలబెట్టిన బృందంలోనూ ఈయనే ప్రముఖుడు. అక్కడ 1999 నుంచి 2001 మధ్య గోపురం ఒరిగిన దక్షిణం వైపు ముట్టుకోకుండా, ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు పునాది కింద నుంచి కొద్ది కొద్దిగా మట్టి తీసేశారు. ఒరుగు సుమారు అర డిగ్రీ తగ్గింది. లండన్‌లో మట్టిలోకి సిమెంటు పాలు నింపారు, పీసాలో మట్టి తీశారు. రెండు చోట్లా ఒరుగును సరిచేసింది మట్టితోనే.

మన నేల మీద

ఇది విని, అయితే అన్ని చోట్లా ఇదే చేద్దాం అనుకోకండి. లండన్ బంకమట్టి గట్టిది, కోట్ల ఏళ్ల నాటిది, బాగా నొక్కుకుపోయినది. విశాఖ, కాకినాడ తీరంలోని సముద్రపు బంకమట్టి వేరు. నీళ్లు నిండి, చేత్తో నొక్కితే దిగిపోయేంత మెత్తన. అందులో గ్రౌటు ఎక్కిస్తే మొదట పైకి లేస్తుంది, అందరూ సంతోషిస్తారు. తర్వాత ఆ ఒత్తిడికి మట్టిలోని నీరు మెల్లమెల్లగా బయటకు పోయి, నేల మళ్లీ దిగుతుంది. ఎత్తినదంతా తిరిగి పోవచ్చు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోవచ్చు. పైగా అప్పుడే వేసిన సొరంగం నెత్తిన గ్రౌటు ఒత్తితే, ఇల్లు లేవడానికి బదులు కింద సొరంగం వలయం నలుగుతుంది. యంత్రం దగ్గరలో ఉన్నప్పుడు ఎక్కడ ఎక్కించకూడదో ముందే గీత గీసుకోవాలి.

ఇప్పుడు కలకత్తా. తూర్పు పడమర మెట్రో సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. హుగ్లీ నది కింద 520 మీటర్ల సొరంగం 2017లో తవ్వేశారు, దేశంలో నది కింద మెట్రో అదే మొదటిది. నది దాటారు కదా, ఇక భయమేమిటి అని అందరూ అనుకున్నారు. 2019 ఆగస్టు 31న బౌబజార్ దగ్గర, చండీ అని పేరు పెట్టిన యంత్రం నీరు నిండిన పొరను తాకింది. నీరు లోపలికి వచ్చింది. నీరొక్కటే వస్తే తోడుకోవచ్చు. సన్నని ఇసుకనూ ఒండ్రునూ మోసుకుంటూ వచ్చింది. పైన దుర్గా పితూరి లేన్, శ్యాక్రా పారా లేన్‌లలో పాత ఇళ్లు పగిలాయి, కొన్ని కూలాయి. వందల మందిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. నగల పని చేసే వీధులవి, ఇల్లే దుకాణం, ఇల్లే కార్ఖానా.

ఇందాక మనం వేసిన లెక్క ఇక్కడ ఎందుకు పనికిరాలేదు? మనం ఒక శాతం లోటు అనుకున్నాం. మట్టి మట్టిలా ఉన్నంత వరకే ఆ లెక్క. నీటితో కలిసి ప్రవాహమై వచ్చేటప్పుడు శాతాలుండవు, ఆగేదాకా వస్తుంది. చివరికి ఎలా ఆపారు? సొరంగంలో అడ్డుగోడ కట్టి, లోపల నీళ్లు నింపారు. వింతగా ఉందా? బయటి నీటి ఒత్తిడికి లోపలి నీటి ఒత్తిడి సమానమైతే ప్రవాహం ఆగుతుంది. మట్టిని కాపాడటానికి, కట్టిన సొరంగాన్నే ముంచారు. ఆ పరిస్థితిలో అదే సరైన పని.

మిగిలిన సొరంగాన్ని రెండో యంత్రం ఊర్వితో వెనక్కి తవ్వించి 2021లో పూర్తి చేశారు. అయినా అయిపోలేదు. 2022 మేలో యంత్రాలు బయటకు తీసిన షాఫ్టు అడుగున పని చేస్తుండగా మళ్లీ నీరు, మళ్లీ పగుళ్లు. అదే ఏడాది అక్టోబరులో రెండు సొరంగాలను కలిపే అడ్డ మార్గం తవ్వుతుండగా ఇంకోసారి. చివరికి ఎస్‌ప్లనేడ్, సియాల్దా మధ్య ఆ ముక్క 2025 ఆగస్టు 22న తెరుచుకుంది. ఒకసారి చెదిరిన నేల పాత నేల కాదు, విద్యార్థులారా. దాని పాత పరీక్ష నివేదికలు పక్కన పడేసి మళ్లీ బోర్లు వేయాలి. అడ్డ మార్గం లాంటి చిన్న పనులు యంత్రం కవచం లేకుండా మనుషులు చేతులతో చేసేవి. నా దృష్టిలో సొరంగం కంటే అవే ప్రమాదకరం. నేలను గట్టిపరిచే డబ్బు ముందు అక్కడ పెట్టాలి. అంచనాల్లో మాత్రం అవి ఎప్పుడూ చివరి పేజీలో ఉంటాయి.

చెన్నై మనకు ఇంకా దగ్గర. 2017 ఏప్రిల్ 9న అన్నా సాలై మీద రోడ్డు కుంగి ఒక సిటీ బస్సు, ఒక కారు గుంతలోకి దిగాయి. కింద మెట్రో సొరంగం పని నడుస్తోంది. అదృష్టం, ప్రాణాలు పోలేదు. చెన్నైలో చాలా చోట్ల యంత్రం ముఖం కింది సగం రాయిలో, పై సగం ఇసుకలో ఉంటుంది. రాయిని కోయడానికి యంత్రం నెమ్మదించాలి. నెమ్మదించినంత సేపూ పైనున్న ఇసుక ఒలుకుతూ ఉంటుంది. ఇలాంటి చోట యంత్రం రాకముందే పై నుంచి ఇసుక పొరను గ్రౌటుతో పట్టి ఉంచాలి. వచ్చాక చేద్దాం అంటే చేయడానికి ఏమీ ఉండదు.

హైదరాబాదు మెట్రో మొదటి దశ మొత్తం స్తంభాల మీదే నడుస్తుంది, కింద గ్రానైటు. విజయవాడ, విశాఖ ప్రణాళికలు కూడా ప్రధానంగా ఎత్తు మీద వెళ్లేవే. మరి మనకెందుకు ఈ గొడవంతా? వెనక వరుసలో ఒకాయన ముఖంలో ఆ ప్రశ్న కనిపిస్తోంది. అయ్యా, మీ పక్క స్థలంలో అపార్టుమెంటుకు రెండు సెల్లార్లు తవ్వుతున్నారా లేదా? కృష్ణ ఒడ్డున ఒండ్రు నేలలో, నీరు పైపైనే ఉన్న చోట, పంపులు పెట్టి రాత్రింబవళ్లు నీరు తోడుతున్నారా లేదా? అదీ ఇదే శాస్త్రం. నీటి మట్టం దించితే మెత్తని మట్టి నొక్కుకుని చుట్టూ దిగుతుంది. పంపు నీరు బురదగా వస్తోందంటే మీ పునాది కింది సన్నని ఇసుక ఆ కాలువలో కొట్టుకుపోతోందన్న మాట. బిగ్ బెన్‌కు దొరికిన జాగ్రత్తలో పదో వంతు కూడా ఆ పక్క గోడకు దొరకదు.

కాబట్టి ఇళ్లున్నవాళ్లు అడగవలసినవి చెప్పి ముగిస్తాను. సొరంగమైనా, సెల్లారైనా, పని మొదలు కాకముందే మీ ఇంట్లో ప్రతి గదీ, ప్రతి గోడా తేదీతో ఫొటోలు తీయించమనండి. ఉన్న పగుళ్ల వెడల్పు కొలిచి రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టించండి. పాత పగులును కొత్త పగులని చెప్పుకోవడమూ, కొత్తదాన్ని పాతదని కొట్టిపారేయడమూ రెండూ ఆగుతాయి. కొలిచే గుర్తులు మీ గోడకు ఎక్కడ పెడుతున్నారో చూపించమనండి. ఎన్ని మిల్లీమీటర్లు దిగితే పని ఆపుతారు? ఆ అంకె కాగితం మీద ఉందా? ఆ అంకె దాటినప్పుడు పని ఆపే అధికారం సైటులో ఎవరికుంది, ఆ మనిషి రాత్రి డ్యూటీలో ఉంటాడా? ఎందుకంటే యంత్రం రాత్రి కూడా నడుస్తుంది. గోడలో తలుపు బిగుసుకుపోవడం, కిటికీ అద్దం దానంతట అదే పగలడం, నేల మీద పలకల మధ్య సున్నం రాలడం, ఇవి పగులు కంటే ముందు కనిపిస్తాయి. కనిపించిన వెంటనే చెప్పండి, పొద్దున చెబుదాం అనుకోకండి.

సెల్లారు నీళ్ల గురించి ఎవరో ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు. ఆ అమ్మాయికి మైకు ఇవ్వండి.